తోట అమ్మి ఎంబీబీఎస్ చేయాలా, లా చదవాలా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. ఈ ఏడాది ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో కన్వీనర్ సీటు (తక్కువ ఫీజుతో వచ్చే సీటు) వచ్చేంత మార్కులు రాలేదు. నాన్న జీడి ఫ్యాక్టరీలో పనిచేస్తారు. రెండెకరాల జీడితోట ఉంది, తిత్లీ తుఫానుకి మొత్తం పోతే మళ్లీ మొక్కలు వేసి పెంచాం, ఇప్పుడిప్పుడే కాపు బాగుంటోంది. నాన్న ఆ తోట 40 లక్షలకి అమ్మేసి, మిగిలింది బ్యాంకు లోను తీసుకుని నన్ను బి కేటగిరీలో (ప్రైవేటు కాలేజీలో ఎక్కువ ఫీజు కట్టే సీటులో) ఎంబీబీఎస్ చేర్పిస్తానంటున్నారు. ఫీజు ఏడాదికి 13 లక్షలట. తాతని డయాలసిస్‌కి తీసుకెళ్లేది నేనే, అందుకని డాక్టర్ అవ్వాలని ఉంది. కానీ లా అన్నా చాలా ఇష్టం. మావయ్య "లా చదివితే చెట్టు కింద కూర్చోవాలి, డాక్టరైతే డబ్బుకి లోటుండదు" అంటున్నాడు. తమ్ముడు తొమ్మిదో తరగతి. దేనిలో సంపాదన ఎక్కువ మేడమ్? డబ్బు చూసి చదువు ఎంచుకోవడం తప్పా?

జవాబు:

అమ్మా, నీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. తప్పు కాదు. ఫ్యాక్టరీ జీతం, రెండెకరాల తోట, డయాలసిస్‌లో ఉన్న తాత, ఇంకా చదువుకోవాల్సిన తమ్ముడు ఉన్న ఇంట్లో పెద్దపిల్లవి నువ్వు. డబ్బు సంగతి నువ్వు ఆలోచించకపోతే మీ నాన్నగారు ఒక్కరే ఆలోచించాలి, ఆయన ప్రేమతో ఆలోచిస్తున్నారు కాబట్టి లెక్క తప్పుతున్నారేమో అని నాకు భయంగా ఉంది.

నేను శ్రీకాకుళంలో ప్లీడర్ని. 2001లో ఎన్‌రోల్ అయ్యాను. నాకంటే రెండేళ్లు చిన్నవాడైన మా తమ్ముడు విజయనగరంలో జనరల్ మెడిసిన్ డాక్టరు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒక్క స్కూలు మాస్టారి జీతం మీద పెరిగాం, కాబట్టి ఈ రెండు వృత్తుల సంపాదన గురించి ఎవరో చెప్పింది కాకుండా మా ఇంట్లో జరిగింది చెబుతాను. నేను జూనియర్‌గా చేరిన మొదటి ఏడాది మా సీనియర్ గారు నెలకి ఇచ్చింది ఆటోకీ టీకీ సరిపోయేది. వాడు అప్పటికి ఇంకా ఎంబీబీఎస్‌లో ఉన్నాడు, ఇంటి నుంచి డబ్బు తీసుకుంటున్నాడు. వాడికి 24 ఏళ్లకి హౌస్ సర్జెన్సీ అయింది, పీజీ సీటు కోసం రెండేళ్లు కూర్చున్నాడు, 29 వచ్చేసరికి ఎండీ చేతికొచ్చింది. నాకు ముప్పై వచ్చినప్పుడు మంచి నెలలో ఎనిమిది వేలు వచ్చేవి. వాడికి ముప్పై వచ్చేసరికి నలభై వేలు. ఆ తర్వాత వాడి ఆదాయం వెనక్కి తగ్గిన సంవత్సరం లేదు. నాకు ఇప్పుడు కొన్ని నెలలు లక్ష దాటుతుంది, కానీ మే నెలలో కోర్టుకి వేసవి సెలవులు, ఆ నెల దాదాపు ఏమీ ఉండదు. భూమి హక్కుల మీద తెచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టానికి వ్యతిరేకంగా 2023 చివర్లో, 2024 మొదట్లో మేం కోర్టులు బహిష్కరించినప్పుడు, అది న్యాయమైన పోరాటమే, దాంట్లో నేనూ ఉన్నాను, కానీ మా జూనియర్ పిల్లలు ఇంటి అద్దె ఎలా కడుతున్నారో చూస్తే కడుపు తరుక్కుపోయేది.

కాబట్టి మీ మావయ్య చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. సగటు డాక్టరుకీ సగటు ప్లీడరుకీ పోలిక పెడితే డాక్టరుదే పైచేయి, అందులో నాకు సందేహం లేదు. ఎంత మామూలు డాక్టరైనా ఒక గీత కంటే కిందికి పడిపోడు. మా వృత్తిలో ఆ గీతే లేదు. ఒకే బార్ అసోసియేషన్‌లో నెలకి అయిదు లక్షలు సంపాదించేవారూ, ఇరవయ్యేళ్లు నల్లకోటు వేసుకుని పదిహేను వేలు దాటని వారూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. కానీ మావయ్య వదిలేసిన సగం ఏంటంటే, ఆ డాక్టరు చదువు ఎంతకి కొన్నాడన్నది. మా తమ్ముడు విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీలో ప్రభుత్వ ఫీజుతో చదివాడు. వాడి కథ నీకు పనికొచ్చేది నీకూ అలాంటి సీటు వస్తేనే. అరవై అయిదు లక్షలు పెట్టి మొదలుపెడితే అది వేరే కథ.

ఆ లెక్క ఒకసారి కాగితం మీద వేద్దాం, నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

ఏడాదికి 13 లక్షల చొప్పున అయిదేళ్లకి 65 లక్షలు. హాస్టలు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఇందులో లేవు. తోట 40 పోతే మిగిలిన 25 లోను. బ్యాంకు విడతలుగా ఇస్తుంది, వడ్డీ పది శాతం దగ్గర అనుకుందాం, ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక ఏడాది గడువు, ఇవన్నీ అయ్యి నువ్వు కట్టడం మొదలుపెట్టే రోజుకి ఆ 25 దగ్గరదగ్గర 35 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి 46 వేల వాయిదా. ఒట్టి ఎంబీబీఎస్‌తో మన వైపు ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరితే నాకు తెలిసిన పిల్లలకి వస్తున్నది యాభై, అరవై వేలు. నైట్ డ్యూటీలతో సహా. అంటే నీ పాతికేళ్ల వయసులో జీతం వచ్చిన రోజే వాయిదాకి పోతుంది, మిగిలింది నీ అద్దెకీ తిండికీ.

ఇందులో అసలు దెబ్బ వాయిదా కాదమ్మా. పీజీ. ఇవాళ డాక్టర్ల సంపాదన అని మీ మావయ్య కళ్లముందు కనిపిస్తున్నది అంతా పీజీ చేసినవాళ్లది, ఇంకా పైకెళ్లి సూపర్ స్పెషాలిటీ చేసినవాళ్లది. నీట్ పీజీకి మంచి ర్యాంకు కావాలంటే చాలామంది ఏడాదో రెండేళ్లో ఉద్యోగం మానేసి చదువుతారు. మా తమ్ముడు అలాగే చదివాడు, ఇంట్లో అన్నం పెట్టారు, ఎవరికీ బాకీ లేదు. నెలకి 46 వేలు కట్టాల్సిన పిల్ల ఉద్యోగం ఎలా మానుతుంది? మానలేదు. రాత్రి డ్యూటీ చేసి పగలు చదవాలి. ర్యాంకు తగ్గితే పీజీ సీటు కూడా డబ్బుతోనే కొనాలి, అప్పటికి అమ్మడానికి తోట ఉండదు. అప్పు చేసి ఎంబీబీఎస్‌లో చేరిన కొందరు పిల్లలు ముప్పై అయిదేళ్లకి కూడా డ్యూటీ డాక్టరుగానే ఆగిపోవడం నేను చూశాను. వాళ్లకి తెలివి తక్కువై కాదు.

తాత గురించి రాశావు కదా. నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) అవ్వాలని మనసులో ఉందేమో అనిపించింది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో పుట్టిన ఏ పిల్లకైనా ఆ ఆలోచన రావడం సహజం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, అలాంటి చోట మన ఊరి యాసలో రోగితో మాట్లాడగలిగే నెఫ్రాలజిస్ట్ ఉంటే ఎంత బావుంటుందో నాకూ తెలుసు. కానీ ఆ దారి పొడవు చూసుకో. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ చదువు డీఎం మూడేళ్లు, మొత్తం పదకొండున్నర, మధ్యలో ప్రవేశ పరీక్షలకి పోయే కాలం కలపకుండానే. ఇప్పుడు నీకు పద్దెనిమిది. నీ తమ్ముడు డిగ్రీ అయిపోయి ఉద్యోగం చూసుకునే నాటికి కూడా నువ్వింకా చదువుతూ ఉంటావు. స్టైపెండ్ వస్తుంది, పీజీలో అది ఇంటికి కొంత పంపగలిగేంత ఉంటుంది, అది మంచి విషయం. అయినా ఇంత పొడవైన దారిలో అప్పు మోసుకుంటూ నడవడం వేరు, ఒట్టి చేతులతో నడవడం వేరు.

ప్రభుత్వ ఫీజుతో సీటు వస్తే మాత్రం నా సలహా పూర్తిగా మారిపోతుంది, అప్పుడు రెండో ఆలోచన లేకుండా మెడిసిన్‌కి వెళ్లిపో. అప్పుడు ఫీజు ఏడాదికి వేలల్లోనే. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, విజయనగరంలో 2023లో 150 సీట్లతో కొత్తది మొదలైంది, విశాఖ సరేసరి. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వచ్చినా మన తాహతులోనే ఉంటుంది. కొత్త ప్రభుత్వ కాలేజీలు అనగానే అన్ని సీట్లూ ఒకే ఫీజు అనుకోకు, వాటిలో కొన్ని సీట్లు సెల్ఫ్ ఫైనాన్స్ కింద, అంటే ఎక్కువ ఫీజుకి, పెట్టారు, కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టేటప్పుడు సీటు ఏ కేటగిరీదో చూసుకోవాలి. చదువయ్యాక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) రెగ్యులర్ మెడికల్ ఆఫీసరుగా చేరితే మూల వేతనమే 61,960 నుంచి మొదలవుతుంది, ఉద్యోగంలో ఉంటూనే ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి వెళ్లే వీలుంది. ఆ కోటా శాతం మారుతూ ఉంటుంది, దాని మీద పీహెచ్‌సీ డాక్టర్లు 2024లోనూ, 2025లోనూ ఆందోళనకి దిగారు కూడా. అయినా వెనక ఆస్తి లేని పిల్లలకి డాక్టరు చదువులో ఇంతకంటే నిలకడైన దారి నాకు కనిపించలేదు.

ఇక లా సంగతి. నా వృత్తి కాబట్టి గొప్పగా చెప్పాలని ఉంటుంది, కానీ నీకు అబద్ధం చెప్పలేను.

లా చదవడానికి ఖర్చు తక్కువ, అదే దాని పెద్ద బలం. రాష్ట్రంలో లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలోనో, ఇంకో కాలేజీలోనో అయిదేళ్ల కోర్సులో చేరితే మీ తోట మీ తోటలాగే ఉంటుంది. కానీ చదువయ్యాక వచ్చే అయిదేళ్లే కష్టం. జూనియర్‌కి జీతం అనే పద్ధతి మన జిల్లాల్లో సరిగ్గా లేదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, పట్టణాల్లో జూనియర్లకి నెలకి 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు తగ్గకుండా ఇవ్వాలని సీనియర్లకి చెప్పింది, కానీ అది సూచనే. నేను చూస్తున్నంతవరకు ఇక్కడ చాలామందికి మూడు వేలు, అయిదు వేలు, కొందరికి అదీ లేదు. (నేను నా జూనియర్లకి ఎనిమిది ఇస్తున్నాను, అది చాలదని నాకు తెలుసు, మరో దారి వెతుకుతున్నాను.) 2019లో లా నేస్తం పేరుతో జూనియర్లకి మూడేళ్లపాటు నెలకి 5,000 ఇచ్చే పథకం పెట్టారు. ఇలాంటివి ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి, నీ లెక్కలో వాటిని వేసుకోవద్దు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మాత్రం ఇప్పుడు భయపడక్కర్లేదు, జనరల్ వాళ్ల దగ్గర 750 రూపాయలకి మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పేసింది.

ఫీజు ఎలా వస్తుందో కూడా తెలుసుకో, ఎందుకంటే "ప్లీడరు ఒక్క కేసుకి లక్ష తీసుకున్నాడు" అని ఊళ్లో చెప్పుకునే మాట వేరు, మా చేతికి వచ్చే తీరు వేరు. వకాలత్ వేసిన రోజు కొంత ఇస్తారు. దావా వేసేటప్పుడు కొంత. సాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి రెండేళ్లవుతుంది, అప్పటికి పార్టీ "జీడిపిక్కలు అమ్మాక ఇస్తానమ్మా" అంటాడు, వాళ్లు మోసగాళ్లు కారు, నిజంగానే చేతిలో ఉండదు, ఆ ఏడాది కాపు లేకపోతే నాకూ ఉండదు. గెలిస్తే వచ్చిన దాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషేధం, హైవే యాక్సిడెంట్ కేసుల్లో అలా తీసుకునేవాళ్లు ఉన్నారు, నువ్వు ఆ దారిలోకి వెళ్లకు. పని మాత్రం మన దగ్గర బాగా ఉంది. వంశధార నిర్వాసితుల పరిహారాలు, భోగాపురం వైపు భూసేకరణ, అన్నదమ్ముల వాటాలు, చెక్ బౌన్సులు, భరణం కేసులు. ఆడవాళ్లు ఆడ ప్లీడరు కావాలని వెతుక్కుంటూ వస్తున్నారు, నేను చేరినప్పుడు ఇలా లేదు. ఈ పదేళ్లలో నా ఆదాయంలో పెద్ద భాగం ఫ్యామిలీ కోర్టుదే.

లాలో జీతం గ్యారంటీగా ఉండే దారులు కూడా ఉన్నాయి, ఇవి మీ మావయ్యకి చెప్పు. జూనియర్ సివిల్ జడ్జి మూల వేతనం 77,840 నుంచి మొదలు, అంటే పీహెచ్‌సీ డాక్టరు మొదలయ్యే దాని కంటే ఎక్కువే. ఇంతకుముందు కాలేజీ నుంచి నేరుగా ఆ పరీక్ష రాయడానికి వీలుండేది, 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని మళ్లీ పెట్టింది. దాంతో పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకి ఆ మూడేళ్లు ఎవరు పోషిస్తారన్న ప్రశ్న వచ్చిపడింది. ఇంట్లోనే ఉండి పలాస, సోంపేట, టెక్కలి లాంటి దగ్గరి కోర్టుకి వెళ్లివస్తూ ఆ మూడేళ్లు గడపగలిగితే అది నీకు గట్టెక్కే దారి. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులు పడుతుంటాయి, బ్యాంకుల్లో లా ఆఫీసర్లని తీసుకుంటారు. ఇక క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి జాతీయ లా యూనివర్సిటీలో (ఎన్ఎల్‌యూ) సీటు తెచ్చుకుంటే అది పూర్తిగా వేరే ప్రపంచం, విశాఖ దగ్గర సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య పేరుతో ఒకటి ఉంది. ముంబై, ఢిల్లీ పెద్ద ఫర్మ్‌లు పేరున్న ఎన్ఎల్‌యూల నుంచి పిల్లల్ని ఏడాదికి పదిహేను లక్షల పైన ఇచ్చి తీసుకుంటున్నాయి, అందరినీ కాదు, పై వరుసలో కొద్దిమందినే. క్లాట్ అంతా ఇంగ్లిష్ పేరాలు చదివి జవాబు చెప్పడమే, రెండు గంటల్లో 120 ప్రశ్నలు, కాబట్టి నీ ఇంగ్లిష్ ఎలా ఉందో నీకే తెలియాలి. ఫీజు కూడా ఏటా లక్షల్లో ఉంటుంది, అయినా అయిదేళ్లకి కలిపి నువ్వు చెప్పిన మెడికల్ సీటుకి అయ్యే ఒక ఏడాది ఖర్చుకి అటూ ఇటూగా.

ఇప్పుడు నేనైతే ఏం చేస్తానో చెబుతాను, నువ్వు అడిగింది అదే కదా. తోట అమ్మను. ఒకే ఒక్క సంవత్సరం లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని మళ్లీ నీట్ రాస్తాను, ఆ ఖర్చుని తోట కాపే భరిస్తుంది. ఇరవై లక్షల మందికి పైగా రాసే పరీక్ష అది, మొదటిసారి రాకపోతే తెలివి తక్కువని కాదు. కానీ "ఇంకో ఏడు, ఇంకో ఏడు" అని మూడేళ్లు కూర్చున్న పిల్లల్ని చూశాను, వాళ్ల ముఖంలో నవ్వు పోతుంది, అలా వద్దు, ఒక్క ఏడే అని ఇంట్లో అందరి ముందూ ఇప్పుడే అనుకోండి. లాసెట్ కూడా అదే ఏడు రాసేయి, దానికి కరెంట్ అఫైర్స్, జనరల్ నాలెడ్జి, న్యాయశాస్త్రం మీద ఆసక్తి ఉందా లేదా అని చూసే ప్రశ్నలు, రోజూ పేపరు చదివే అలవాటున్న పిల్లకి పెద్ద బరువు కాదు. కన్వీనర్ సీటు వస్తే మెడిసిన్. రాకపోతే లా, అప్పుడు "డాక్టరు సీటు రాక లాలో చేరింది" అని ఎవరన్నా తల దించుకోవద్దు. నీ ఉత్తరంలో ఒక మాట నాకు పట్టుకుంది, లా అన్నా "చాలా" ఇష్టం అని రాశావు, డాక్టరు దగ్గర ఆ "చాలా" లేదు.

అది నిజమో కాదో తేల్చుకోవడానికి ఈ నెలలోనే రెండు పనులు చెయ్యి. తాతతో వెళ్లినప్పుడు ఆయన మంచం పక్కనే కాకుండా, అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు నాలుగు గంటల పాటు ఏం చేస్తున్నారో చూడు, ఆ పని నీకు కావాలనిపిస్తోందా అని చూడు. మరో రోజు పలాస కోర్టుకి వెళ్లి ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం దాకా వెనక బెంచీలో కూర్చో, తెరిచిన కోర్టు అది, ఎవరూ ఆపరు. సగం వాయిదాలే ఉంటాయి, విసుగొస్తుంది. ఆ విసుగులో కూడా సాక్షిని ప్లీడరు అడ్డు ప్రశ్నలు అడుగుతుంటే నీ వెన్ను నిటారుగా అయ్యిందా లేదా గమనించు.

చివరగా ప్లీడరుగా ఒక మాట. నాన్నగారు ఎవరి దగ్గరైనా తోటకి అడ్వాన్సు తీసుకున్నారా? తీసుకోకపోతే ఆగమని చెప్పు. కొనేవాళ్లు "సీటు సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు అగ్రిమెంటు రాసుకుందాం" అంటారు. ఆ కాగితం మీద సంతకం పడిందంటే, రేపు సీటు వద్దనుకున్నా కొనేవాడు కోర్టుకి వెళ్లి రిజిస్ట్రేషన్ చేయమని పట్టుబట్టగలడు, 2018లో చట్టం మార్చాక అలాంటి కేసుల్లో డబ్బు వెనక్కిచ్చి బయటపడటం ఇంకా కష్టమైంది. ఇంకోటి, ఆ తోట తాతల నాటిదైతే అది నాన్నగారొక్కరిదే కాదు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి పుట్టుకతో వాటా ఉంది, అంటే అందులో నీకూ ఉంది, అలాంటి తోట అమ్మేటప్పుడు నీ మాటకీ విలువ ఉంటుంది. పాత దస్తావేజులు, పాస్‌పుస్తకం తీసి ఎవరి పేరు మీద ఉన్నాయో చూసి నాకు రాయి. మీ నాన్నగారు ఫోన్లో మాట్లాడతానంటే ఆదివారం ఉదయం ఖాళీగా ఉంటాను, ఫీజు ఏమీ అక్కర్లేదు.